టీబీ మందుల సైడ్ ఎఫెక్ట్స్: దేన్ని ఓర్చుకోవచ్చు, దేనికి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి

బెంగళూరులో పీజీల్లో, షేరింగ్ రూముల్లో ఉంటూ టీబీ మందులు వేసుకుంటున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు, కొందరైతే ఊళ్ళో అమ్మానాన్నలకి కూడా చెప్పరు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఇంటి దగ్గరుండి వేసుకున్నా శానిటోరియంలో, అంటే టీబీ వాళ్ళని ఉంచే ఆసుపత్రిలో, ఉన్నంత బాగానే జబ్బు తగ్గుతుందని 1950ల్లోనే మద్రాసులో తేల్చారు. కాకపోతే రూములో నర్సు ఉండదు కదా, ఒంట్లో ఏం తేడా వస్తోందో మనమే కనిపెట్టుకోవాలి.

మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలిస్తారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇస్తారు.

యూరిన్ ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది రిఫాంపిసిన్ రంగే, రక్తం కాదు, భయపడొద్దు. చెమట, కన్నీళ్ళు కూడా ఆ రంగు తేలతాయి, అందుకే కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు ఈ ఆర్నెల్లూ కళ్ళద్దాలు పెట్టుకోండి, లెన్సుకి మరక పడితే పోదు.

వికారం చాలామందికి ఉంటుంది. పరగడుపున వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుంది, కానీ కడుపులో తిప్పేస్తుంటే డాక్టర్‌ని అడిగి రెండు ఇడ్లీలు తిని వేసుకోండి, మానేయడం కంటే అది వెయ్యి రెట్లు నయం. గ్యాస్ అని జెలూసిల్ లాంటివి మాత్రలతో పాటే తాగొద్దు, మందు సరిగ్గా ఎక్కదు, కనీసం రెండు గంటలు గ్యాప్ ఇవ్వండి.

ఇక అసలు జాగ్రత్త లివర్ గురించి. నాలుగింట్లో మూడు, అంటే ఇథాంబ్యుటాల్ తప్ప మిగతావన్నీ లివర్‌ని దెబ్బతీయగలిగేవే. అన్నం చూస్తేనే వెగటు, ఆగని వాంతులు, కుడిపక్క డొక్క కింద నొప్పి, విపరీతమైన నీరసం, ఇవి కనిపిస్తే కామెర్లు బయటపడేదాకా ఆగొద్దు. యూరిన్ రంగు చూసి కనిపెడదాం అనుకుంటే కుదరదు, అది ఎలాగూ ఎర్రగానే ఉంటుంది, అందుకని పొద్దున్నే కిటికీ దగ్గర అద్దం పట్టుకుని కంటి తెల్లగుడ్డు చూసుకోండి, ట్యూబ్‌లైట్ వెలుతుర్లో పసుపు సరిగ్గా తెలీదు. పచ్చగా ఉందంటే తర్వాతి డోస్ వేసుకోకముందే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. లివర్ టెస్ట్ చేసి అవసరమైతే మందులు ఆపి, తగ్గాక ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెడతారు. అది వాళ్ళు చేయాల్సిన పని, మనం సొంతంగా ఆపేసి నెల తర్వాత మళ్ళీ వేసుకుంటే టీబీ క్రిములు మందుకి లొంగకుండా పోతాయి. ఇంకో మాట, కామెర్లనగానే ఊరెళ్ళి పసరు తాగేసి ఇటు మాత్రలూ వేసుకునేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది. ఈ ఆర్నెల్లూ మద్యం కూడా ముట్టొద్దు, వీకెండ్ బీరు కూడా.

కళ్ళకి ఇబ్బంది వస్తే అది ఇథాంబ్యుటాల్ వల్ల. వారానికోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో క్యాలెండర్లో అక్షరాలు చదవండి, తర్వాత కన్ను మార్చండి. మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా అదే రోజు చూపించుకోవాలి, లేటైతే చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు ఐసోనియాజిడ్ వల్ల. బీ6 మాత్ర, అంటే పైరిడాక్సిన్, ఇస్తున్నారా అని అడగండి, షుగర్ ఉన్నవాళ్ళూ గర్భిణులూ మరీ ముఖ్యంగా. కీళ్ళ నొప్పులు పైరజినమైడ్ వల్ల, రెండు నెలలయ్యాక చాలామందికి తగ్గిపోతాయి. ఉత్తి దురదైతే మాత్ర ఇస్తారు, కానీ ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు కలిసి వస్తే ఎమర్జెన్సీయే.

గర్భం రాకుండా పిల్స్ వాడే ఆడవాళ్ళు తప్పకుండా చెప్పాలి, రిఫాంపిసిన్ వల్ల అవి సరిగ్గా పనిచేయవు, వేరే పద్ధతి కావాలి. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు కూడా అంతే.

పండక్కి ఊరెళ్తుంటే ముందే సెంటర్లో చెప్పండి, నిక్షయ్ ఐడీ, అంటే ప్రభుత్వ టీబీ రికార్డుల్లో మీ నంబరు, దేశమంతా ఒకటే, మీ ఊరి పీహెచ్‌సీకి మార్చి మందులు అక్కడే ఇస్తారు, ఒక్క రోజు కూడా గ్యాప్ రాదు. డౌట్ ఉంటే టోల్ ఫ్రీ 1800-11-6666కి చేయండి. మాత్రల స్ట్రిప్ ఫోటో ఒకటి ఫోన్లో పెట్టుకోండి, రూమ్మేట్‌కి కూడా పంపించండి, రాత్రిపూట క్యాజువాలిటీకి వెళ్ళాల్సొస్తే డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది అదే.