జపాన్ బియ్యంతో పులిహోర: గంజి వార్చండి, కుక్కర్ జోలికి పోకండి

జపాన్‌లో తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా, ఉగాదికైనా వినాయక చవితికైనా, బల్ల మీద ఒక పచ్చటి ముద్ద కనిపిస్తుంది. గరిటెతో తీస్తే గరిటె ఆకారంలోనే ప్లేట్లో పడుతుంది. తెచ్చినావిడ మొహమాటంగా "ఇక్కడి బియ్యం ఇంతేనండీ" అంటుంది. తినేవాళ్లు "పర్లేదండీ, పులుపు బాగా కుదిరింది" అంటారు. తొమ్మిదేళ్లుగా ఇవే మాటలు వింటున్నాను. బియ్యం తప్పేమీ లేదు. వండే పద్ధతే తప్పు.

సోనామసూరి కొనుక్కోవచ్చు కదా అంటారు. టోక్యోలో మన సరుకుల దుకాణాలున్న నిషి-కసాయ్‌లోనో షిన్-ఓకుబోలోనో ఉంటే కొనుక్కోండి, ఎవరు వద్దన్నారు? చిన్న ఊళ్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. పైగా నా లెక్కలో జపాన్ బియ్యానికి ఒక గొప్ప గుణం ఉంది. చల్లారినా గట్టిపడదు. వాళ్ల బెంతో అనే భోజనం డబ్బాల సంస్కృతి అంతా దాని మీదే నడుస్తోంది. సోనామసూరి పులిహోర మర్నాటికి ఎండి బిరుసెక్కుతుంది. సరిగ్గా వండిన జపాన్ బియ్యపు పులిహోర మర్నాటికే అసలు రుచికి వస్తుంది.

బాస్మతితో మాత్రం చెయ్యకండి. పులిహోరలో ఇంగువ వాసన రావాలి, బిర్యానీ వాసన కాదు.

కావలసినవి

ఇద్దరు ముగ్గురికి: బియ్యం 300 గ్రాములు, అంటే జపాన్ కొలత కప్పుతో రెండు. ఆ కప్పు 180 మిల్లీలీటర్లే, అమ్మ చెప్పిన గ్లాసు లెక్క దీనికి పనికిరాదు. పెద్ద నిమ్మకాయంత చింతపండు, పచ్చిమిర్చి ఆరు, ఎండుమిర్చి ఆరు, రెండు చెంచాల శనగపప్పు, ఒక చెంచా మినప్పప్పు, ఆవాలు, ఇంగువ, పసుపు, కరివేపాకు, గుప్పెడు వేరుశనగ గుళ్లు, ఉప్పు, చిటికెడు బెల్లం. వేరుశనగలు చిబా జిల్లావి దొరికితే అవే తీసుకోండి. జపాన్‌లో పండే వేరుశనగలో సింహభాగం అక్కడిదే, గుండు కూడా పెద్దది. పచ్చిమిర్చి అనుకుని షిషిటో అనే ఇక్కడి మిర్చి తేకండి, అందులో పదింట్లో ఒకటి తప్ప ఏదీ కారం ఉండదు. ఎండుమిర్చికి సూపర్‌మార్కెట్లో 'తకనోత్సుమె' పేరుతో అమ్మేది సరిపోతుంది. పేరుకు అర్థం డేగ గోరు. కారం కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది.

నూనె దగ్గర చాలామంది బోల్తా పడతారు. నువ్వుల నూనె అని చూసి 'గోమా అబురా' తెస్తారు. అది వేయించిన నువ్వుల నుంచి తీసింది, వాసన ఘాటుగా ఉంటుంది. అది పోస్తే పులిహోర కాస్తా నూడుల్స్ వాసనేస్తుంది. పక్కనే 'తైహాకు' అని రాసి, దాదాపు నీళ్లలా తెల్లగా ఉండే సీసా ఉంటుంది. పచ్చి నువ్వుల నుంచి తీసిన ఆ నూనే మనకు కావలసింది. కాస్త ఖరీదే, కానీ తప్పదు.

ఏ బియ్యం

కొత్త బియ్యం ముద్దవుతుందని మన ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడికి రాగానే ఆ సంగతి మర్చిపోయి, శరదృతువులో 'షిన్‌మై' అని స్టిక్కర్ వేసిన సంచీ ఎక్కువ డబ్బిచ్చి కొంటారు. షిన్‌మై అంటే కొత్త బియ్యమే! పులిహోరకు నిరుటి బియ్యం తీసుకోండి. మిల్కీ క్వీన్, యుమెపిరికా రకాలు బాగా జిగురు, వాటిని ముట్టుకోకండి. సాసానిషికి దొరికితే అదృష్టమే. జిగురు తక్కువని సుషీ వండేవాళ్లు ఇష్టపడే రకం అది. దొరక్కపోతే కోషిహికారితోనే కానిచ్చేయండి, నేను ఎక్కువగా చేసేదీ దానితోనే. 2025 వేసవికి ముందు 5 కిలోల సంచీ సగటున 4,200 యెన్లు దాటినప్పుడు రకాలు చూసి ఎంచుకునే విలాసం ఎవరికీ లేకపోయింది.

వండటం: ఇక్కడ తొందరపడకండి

బియ్యంలో పిండిపదార్థం రెండు రకాలు, అమైలోజ్, అమైలోపెక్టిన్. మొదటిది ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది. కోషిహికారిలో అది తక్కువ. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 (సాంబ మసూరి) లాంటి వాటిలో బాగా ఎక్కువ. జపాన్ రైస్ కుక్కర్ పోసిన నీళ్లన్నీ బియ్యానికే పట్టించేస్తుంది, దాంతో కరిగిన జిగురంతా మెతుకు మీదే అతుక్కుంటుంది. వాళ్లకు కావలసిందీ అదే, చాప్‌స్టిక్స్‌తో తినాలి కదా. నీళ్లు తగ్గిస్తే పొడిగా వస్తుందని మనవాళ్లు కుక్కర్ గిన్నెలోని గీత కంటే కిందికి పోస్తారు. అప్పుడు వచ్చేది లోపల పలుకు, పైన జిగురు. అంతకంటే ముద్దే నయం.

జిగురు పోవాలంటే దాన్ని నీళ్లతో సహా పారబోయాలి. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి మీద రోజూ చేసిన పనే, గంజి వార్చడం. జపాన్ వంట పుస్తకాల్లోనూ దీనికి 'యుతోరి' అని పేరుంది.

1993లో చలి వేసవి వల్ల జపాన్‌లో వరి పంట మామూలులో 74 శాతానికి పడిపోయింది. థాయ్‌లాండ్ బియ్యం తెప్పించారు. జనం దాన్ని తమ కుక్కర్లలో, తమ పద్ధతిలో వండి, వాసనగా ఉంది, పొడిగా ఉంది అని మూతి విరిచారు. ఇప్పుడు మనం చేస్తున్నది కూడా అదే, అటుది ఇటు తిరిగిందంతే. సాసానిషికి కూడా ఆ ఏడే దెబ్బతింది. చలికి ఆగలేదని రైతులు వేరే రకాలకు మళ్లిపోయారు.

సరే, పనిలోకి వద్దాం. బియ్యాన్ని నాలుగైదు నీళ్లు కడగండి. 'కడగక్కర్లేదు' అని రాసి అమ్మే ముసెన్‌మై అయినా రెండుసార్లు కడగండి. నానబెట్టొద్దు. సంచీ మీద అరగంట నానబెట్టమని ఉంటుంది, అది వాళ్ల పద్ధతికి.

మూడు లీటర్ల నీళ్లు పట్టే గిన్నె పెట్టండి. చిన్న గిన్నెలో చేసి కుదరలేదని నాకు చెప్పకండి. నీళ్లు తెర్లుతున్నప్పుడు ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె వేసి, వడకట్టిన బియ్యం పోయండి. మొదటి నిమిషం అడుగంటకుండా కలపండి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు. కలిపిన ప్రతిసారీ మెతుకులు రాసుకుని ఇంకా జిగురొస్తుంది.

ఎనిమిదో నిమిషం నుంచి అక్కడే నిలబడండి. ఫోను పక్కన పెట్టండి. అన్నమంతా చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇక్కడ చాలదు. మూడు చోట్ల నుంచి మూడు మెతుకులు తీసి, గోటికీ వేలికీ మధ్య నొక్కి చూడండి. మధ్యలో ఆవగింజంత తెల్లటి పలుకు కనిపిస్తే ఇంకా టైముంది. సూది మొనంత చుక్క మిగిలితే అదే క్షణం, దించేయాలి. మా ఇంట్లో అది పదో నిమిషం, పదకొండో నిమిషం మధ్య వస్తుంది. చుక్క అసలు కనిపించకపోతే ఆలస్యమైపోయింది. అన్నం చిమిడింది, దాన్ని దద్దోజనానికి మళ్లించేయండి.

దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే. నోట్లో వేసుకుంటే కాస్త పలుకుగా ఉంది, ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకుంటారు. ఆ రెండు నిమిషాలే మీ పులిహోరను ముంచుతాయి. మిగిలిన ఉడుకు ఆవిరి మీద పడుతుంది, పొయ్యి మీద కాదు. తినడానికి సరిపోయేంత మెత్తగా ఉంటే అది వార్చాల్సిన అన్నం కాదు, వార్చి ఉండాల్సిన అన్నం.

చిల్లుల గిన్నె సింకులో సిద్ధంగా పెట్టుకుని, చన్నీళ్ల కుళాయి అన్నం మీద కాక సింకు మీద పడేలా తిప్పి ఉంచి వార్చండి. లేకపోతే వేడి గంజి తగలగానే పల్చటి స్టీలు సింకు బొంయ్‌మని మోగుతుంది. రాత్రి పదింటికి పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. రెండుసార్లు కుదిపి, అన్నాన్ని అదే వేడి గిన్నెలోకి తిరగేసి, పొయ్యి వెలిగించకుండా మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. జిగురు పోతుందని అన్నం మీద చన్నీళ్లు పోసేవాళ్లున్నారు. జిగురుతో పాటు రుచీ పోతుంది, చెమ్మ మాత్రం అక్కడే ఉంటుంది.

తర్వాత వెడల్పాటి తాంబాళంలోనో ట్రేలోనో రెండు వేళ్ల మందాన పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె వేసి విసరండి. వేసవిలో స్టేషన్ల దగ్గర ఊరికే పంచే ప్రకటనల విసనకర్రలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి.

పులుసు, పోపు

చింతపండు రసం తీసి, పచ్చిమిర్చి, ఉప్పు, బెల్లం వేసి, నూనె తేలేదాకా ఉడికించండి. ఇది అందరికీ వచ్చిందే. ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి జపాన్ కాయ) వేసి పులిహోర చేశామని చెప్పేవాళ్లతో నేను వాదించను, తినను కూడా.

పోపు దగ్గర ఒక్క జాగ్రత్త. జపాన్‌లో 2008 నుంచి అమ్ముతున్న గ్యాస్ పొయ్యిలకు ప్రతి బర్నర్ మధ్యలో సెన్సర్ ఉంటుంది. మూకుడు అడుగు 250 డిగ్రీల దాకా వేడెక్కితే అదే మంట తగ్గించేస్తుంది, ఒక్కోసారి ఆర్పేస్తుంది. ఆవాలు చిటపటలాడబోతుండగా మంట పడిపోయిందని మొదట్లో పొయ్యి పాడైందనుకున్నాను. ఖాళీ మూకుడు కాల్చకండి, ముందే నూనె పోసి మధ్య మంట మీద పెట్టండి. పప్పులు, వేరుశనగలు ముందు, ఆవాలు తర్వాత, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు చివర. ఎండుమిర్చి వేసే ముందే ఫ్యాను పెద్దది పెట్టి, పడగ్గది తలుపు వేసేయండి. ఆ గదిలో పొగ అలారం ఉంటుంది.

ఆవపిండి పెట్టనిది నా దృష్టిలో పులిహోర కాదు. ఆవాలు దంచే ఓపిక లేకపోతే ఇక్కడి 'కోనా కరాషి' పొడి అర చెంచా వేయండి. మన ఆవాల జాతిదే. ట్యూబులో దొరికేది మాత్రం వద్దు.

కలపడం

చేత్తో కలిపితేనే రుచి అని మా అమ్మ అంటుంది. జపాన్ బియ్యానికి అమ్మ మాట వినొద్దు. ఇక్కడ సుషీ అన్నంలో వెనిగర్ కలిపేటప్పుడు చూడండి. షామోజి అనే చెక్క హస్తాన్ని ఏటవాలుగా పట్టుకుని, అన్నాన్ని కోసినట్టు గీస్తూ, అడుగు నుంచి పైకి తిప్పుతారు. పిసకరు, నొక్కరు. పులిహోరకూ అంతే. పులుసు మూడు విడతలుగా పోయండి. చింతపండు నుంచి చింతపండుకి తేడా ఉంటుంది కనుక రెండో విడత తర్వాత రుచి చూడండి. గంట సేపు మూతపెట్టి వదిలేయండి.

నేను వారానికోసారి ఇదంతా చేసేది భక్తితో కాదు, ఆఫీసు భోజనం కోసం. శాకాహారిగా బయట తినడం ఇక్కడ చిక్కే. "నికు నాషి" అని మాంసం వద్దని చెబితే సర్వరు నిజాయితీగానే తల ఊపి, మాంసం ముక్కలు లేని ఉడోన్ నూడుల్స్ తెచ్చిపెడతారు. పులుసు మాత్రం ఎండు చేపతో కాచిన 'దాషి' రసానిదే. వాళ్ల లెక్కలో చేప 'నికు' కాదు. ఎండు చేప కూడా వద్దని విడిగా చెబితే, ఇక మీకు పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదని బాధగా వంగి నమస్కారం పెడతారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పులిహోరను రాత్రంతా బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర వేరుగా ఉంటుంది, అది పై అర అంత చల్లగా ఉండదు. డబ్బాకు గట్టిగా మూతపెట్టి అందులో పెట్టండి. పొద్దున్న మైక్రోవేవ్‌లో నలభై సెకన్లు చాలు. పైన రెండు చుక్కల తైహాకు నూనె వేసి, షామోజితో ఒక్కసారి తిప్పి డబ్బా కట్టేయండి.