హంతకులెవరో బయటపెట్టకుండా అభిప్రాయం రాబట్టడం: పెద్దవాళ్లు పరిశోధించే నవలపై పాఠక గోష్ఠి నడిపే పద్ధతి

డిటెక్టివ్ నవల ముగించిన పాఠకుణ్ణి ‘ఎలా ఉంది?’ అని అడిగితే సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. ‘బాగుంది’, లేదా ‘నాకు సగంలోనే తెలిసిపోయింది’. మొదటిది ఎవరికీ ఉపయోగపడదు. రెండోది చాలాసార్లు నిజం కాదు. హంతకులెవరో తెలియగానే మనసు వెనక్కి వెళ్లి ‘నాకు అప్పుడే అనుమానం వచ్చింది’ అని సర్దుకుంటుంది. అందుకే ఇలాంటి నవల మీద నిఖార్సయిన అభిప్రాయం కావాలంటే ఆఖరి అధ్యాయాలు తెరవకముందే తెల్లకార్డు మీద ఒకటి, పుస్తకం మూశాక పసుపుకార్డు మీద ఇంకొకటి రాయించుకోవాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క పని కోసమే.

ఉదాహరణకు రిచర్డ్ ఆస్మన్ నవల ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ తీసుకుంటున్నాం. 2020లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో కూపర్స్ చేజ్ అనే రిటైర్మెంట్ విలేజ్. అక్కడ నలుగురు పెద్దవాళ్లు. ఎలిజబెత్ ఒకప్పుడు గూఢచారి, జాయిస్ నర్సు, ఇబ్రహీం సైకియాట్రిస్టు, రాన్ కార్మిక నాయకుడు. ప్రతి గురువారం జిగ్సా రూమ్ అనే గదిలో చేరి, పోలీసులు తేల్చలేక వదిలేసిన పాత కేసులు తిరగేస్తుంటారు. ఇంతలో వాళ్లకు తెలిసిన ఒక బిల్డర్ హత్యకు గురవుతాడు. చిన్న లోకం, కళ్లెదుట రక్తపాతం లేకపోవడం, పరిశోధించేది మామూలు మనుషులు కావడం. ఈ మూడూ ఉన్న కథల్ని కోజీ మిస్టరీలంటారు. వేరే నవల ఎంచుకున్నా పద్ధతి మారదు.

మనుషులు, పుస్తకాలు, చోటు

పది నుంచి పన్నెండు మంది చాలు. పదిహేను దాటితే గంటన్నరలో అందరికీ మాట దక్కదు. ఆరుగురికి తగ్గితే అనుమానాలన్నీ ఒకరిద్దరి మీదే పడి చర్చ ముందే చల్లారిపోతుంది. అరవై దాటినవాళ్లు ఎక్కువ ఉండాలి గానీ, అందరూ వాళ్లే అయితే ఒక లోటు. ముప్పై, నలభైల్లో ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. పెద్దవాళ్ల పాత్రల్ని వయసులో ఉన్నవాళ్లు చూసే తీరు వేరు, ఆ తేడా అభిప్రాయాల్లో దొరకాలి.

పుస్తకాలు ఇద్దరికొకటి చొప్పున ఆరు కాపీలు. బెజవాడలో ఉన్నవాళ్లయితే జనవరిలో ఇక్కడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో అడిగి పెట్టుకుంటే సులువు. ఏలూరు రోడ్డు షాపుల్లో ఆర్డరిచ్చి తెప్పించుకోవచ్చు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికే ఇంగ్లీషు నవలలకు లోటుండదు గానీ, ఒకే నవల ఆరు కాపీలు ఒకేచోట దొరకడం అరుదు. పాత కాపీ కొనేటప్పుడు ఆఖరి ఇరవై పేజీలు ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూడాలి. ఎవరో పెన్సిల్‌తో హంతకుల పేరు కింద గీత గీసి ఉంటే ఆ కాపీ వద్దు. చత్వారం ఇబ్బంది పెట్టేవాళ్లు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో అక్షరాలు పెద్దవి చేసుకుని ఈ-బుక్ చదవడం మేలు. జిరాక్సులు తీయించకండి. కాపీరైటు ఉన్న పుస్తకం, పైగా ఆ సన్న అక్షరాలు జిరాక్సులో ఇంకా మసకబారతాయి.

చోటు విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. అపార్టుమెంటు కమ్యూనిటీ హాలు, కాలనీ సంఘం గది, గ్రంథాలయం హాలు ఏదైనా సరే. 1914లో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది బెజవాడలోనే, చదువరుల గుంపుకు చోటిమ్మని ఇక్కడ అడగడానికి మొహమాటపడనవసరం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాయంత్రం ఐదుకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించాలి. సంక్రాంతి వారం వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్లో సాయంత్రం ఐదంటే ఇంకా వడగాలే. పెట్టాల్సి వస్తే ఉదయం ఏడింటికి పెట్టాలి. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, వినికిడి తగ్గినవాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి. ఫ్యాన్ చప్పుడుకు దగ్గరగా వద్దు. టీ రెండు రకాలు, పంచదార వేసిందీ వేయనిదీ. పునుగులు మాత్రం చర్చ అయ్యాకే పెట్టాలి. నూనె చేతుల్తో కార్డులు రాయలేరు.

పేర్ల పట్టిక

గోష్ఠులు చప్పబడిపోవడానికి మొదటి కారణం పేర్లు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా అరవయ్యో పేజీ దాటేసరికి ఎవరు ఎవరో కలిసిపోతుంది. డ్రాయింగ్ షీటు మీద ప్రతి పేరూ తెలుగులో పెద్దగా రాసి, పక్కన నాలుగు మాటల్లో గుర్తు రాయండి: ‘డోనా, కొత్తగా వచ్చిన కానిస్టేబుల్’, ‘క్రిస్, ఆమె పై అధికారి’, ‘బోగ్డాన్, పోలండ్ నుంచి వచ్చిన పనివాడు’, ‘స్టీఫెన్, ఎలిజబెత్ భర్త’. మొదటి సమావేశానికి ఏడెనిమిది పేర్లు మించొద్దు, మిగతావి వారం వారం చేర్చుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి రాస్తే ఎవరు తర్వాత ముఖ్యం కాబోతున్నారో పట్టికే చెప్పేస్తుంది. ‘మృతుడు’, ‘అనుమానితుడు’ లాంటి గుర్తులు అసలు వద్దు.

ఎక్కడ ఆపాలి

నాలుగు సమావేశాలు, వారానికొకటి. ఈ నవలలో వందకు పైగా చిన్న చిన్న అధ్యాయాలున్నాయి, విడగొట్టుకోవడానికి అదే సౌకర్యం. పేజీ నంబర్లతో చెప్పకండి. ఎడిషన్ ఎడిషన్‌కూ మారిపోతాయి, ఈ-బుక్‌లో అసలు కుదరవు. అధ్యాయం నంబరే చెప్పాలి. మొదటి వారానికి పావు వంతు, రెండో వారానికి సగం, మూడో వారానికి ముప్పావు వంతు. మిగతా పావు వంతు నాలుగో వారానికి.

మూడో సమావేశంలో ఆగే చోటును నడిపేవారే ముందుగా పుస్తకమంతా చదివి ఎంచుకోవాలి. చిక్కుముడి మొదటి పోగు వీడే అధ్యాయానికి సరిగ్గా ముందు ఆపండి. ఒక్క అధ్యాయం ముందుకు వెళ్లినా తెల్లకార్డులు దండగే. ఆ అధ్యాయం దగ్గర ప్రతి కాపీలోనూ పేపరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వండి. మనుషుల మీద నమ్మకం లేక కాదు. రాత్రి పదకొండింటికి చేతిలో పుస్తకం ఉంటే ఎవరైనా ఇంకొక్క అధ్యాయం అనుకుంటారు.

సినిమా చూసినవాళ్లెవరో మొదటిరోజే కనుక్కోవాలి. ఈ నవల సినిమాగా 2025 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. చూసినవాళ్లను పంపేయనక్కర్లేదు. వాళ్ల తెల్లకార్డు మీద మూలన ‘చూశాను’ అని రాయించి, మూడో వారం అనుమానాల లెక్కలోంచి పక్కన పెడితే సరిపోతుంది.

తెల్లకార్డు, పసుపుకార్డు

స్టేషనరీ షాపులో దొరికే అట్టకార్డులు, పోస్టుకార్డు సైజువి, తెల్లవి పన్నెండు, పసుపువి పన్నెండు. మూడో సమావేశం చివరి పావుగంటలో తెల్లకార్డు ఇవ్వండి. చర్చకు ముందు ఇస్తే ఇంకా మంచిది, లేకపోతే గట్టిగా మాట్లాడేవారి అనుమానమే అందరి కార్డుల్లోకీ పాకుతుంది. కార్డు మీద మూడు ప్రశ్నలే ఉండాలి:

ఎవరి మీద అనుమానం? ఏ అధ్యాయంలో ఏ మాట చదివాక అనుమానం వచ్చింది? ఈ నలుగురిలో మీ పక్క వాటాలో ఎవరుంటే బాగుంటుంది, ఎవరుంటే కష్టం?

మూడో ప్రశ్న కాలక్షేపానికి పెట్టింది కాదు. పాత్రల గురించి ‘సహజంగా ఉన్నాయి’ అని తప్పించుకునేవాళ్లు కూడా దీనికి కచ్చితంగా జవాబిస్తారు. ‘ఎలిజబెత్ వద్దండీ, మన కరెంటు బిల్లు కూడా చదివేస్తుంది’ అన్న ఒక్క మాటలో ఆ పాత్ర పాఠకులకు ఎంత బాగా అందిందో తెలిసిపోతుంది.

కార్డులు కవరులో వేసి అంటించి, పైన తారీఖు రాసి, గోష్ఠిలో లేనివారి దగ్గర ఉంచండి. నాలుగో సమావేశం మొదట్లో పసుపుకార్డు. ముగింపు తెలిశాక కోపం వచ్చిందా, తృప్తిగా ఉందా, జాలేసిందా? మీ అనుమానం తప్పితే ఆధారం మీ కళ్లముందే ఉండి మీరు దాటేశారా, రచయిత అసలు చూపించలేదా? ఏ అధ్యాయంలో? ఇది రాశాకే కవరు చించాలి. కార్డులు పక్కపక్కన పెట్టి చదువుతుంటే అసలైన చర్చ అప్పుడు మొదలవుతుంది. రచయిత ఆధారాలు నిజాయితీగా చూపించారా లేదా అన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. పన్నెండుమందిలో ఒక్కరూ దగ్గరికి రాకపోతే ఆ అధ్యాయాలు మళ్లీ తెరిచి చూడాలి.

చర్చ ఎక్కడ పక్కదారి పడుతుంది

మన దగ్గర ముందుగా వచ్చేది వృద్ధాశ్రమం మాట. ‘పాపం, పిల్లలు వదిలేసి ఉంటారు’ అని ఎవరో అంటారు, ఇక అరగంట అమెరికాలో ఉన్న పిల్లల మీదికి పోతుంది. కూపర్స్ చేజ్ అలాంటి చోటు కాదనీ, ఉన్నవాళ్లు సొంత డబ్బుతో ఇళ్లు తీసుకుని, క్లాసులూ క్లబ్బులూ పెట్టుకుని ఉంటారనీ మొదటి రోజే చెప్పేయాలి. చెప్పాక కూడా ఆ జాలి పూర్తిగా పోదు, పోనక్కర్లేదు. జాలితో చదివినవారి అభిప్రాయం, అసూయతో చదివినవారి అభిప్రాయం రెండూ కాగితం మీదికి రావాలి.

రెండోది పోలీసులు. రిటైరైన కోర్టు ఉద్యోగో పోలీసాయనో ఉంటే ‘పోలీసులు ముసలాళ్లకు కేసు వివరాలు చెబుతారా?’ అని కొట్టిపారేస్తారు. ఆ మాట న్యాయమైనదే, రాసుకోండి. కానీ ఇంగ్లండ్ పద్ధతిని మన పద్ధతితో కొలవకుండా చూడాలి. అనుమానాస్పద మరణమైతే ఇక్కడ పోలీసులే శవ పంచనామా చేస్తారు. పాత చట్టం సీఆర్పీసీలో 174 సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194. ఇంగ్లండ్‌లో మరణ కారణం తేల్చే విచారణ కోరనర్ అనే అధికారిది. ఇది ముందే తెలిస్తే సగం వాదన తగ్గుతుంది.

మూడోది వేగం. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగినవాళ్లకు ఇందులో కథ నత్తనడకగా తోస్తుంది. వాళ్లకు తెలిసిన డిటెక్టివ్ వృత్తిగా చేసేవాడు. అసిస్టెంటుంటాడు, కేసు తలుపు తడుతుంది. ఇక్కడ కేసు తలుపు తట్టదు, వీళ్లే వెళ్లి దూరతారు. ఈ తేడా చెప్పి ఒక ప్రశ్న వేయండి: వీళ్లు కేసు తేల్చింది వయసు వల్లనా, వయసున్నా కూడానా? అగాథా క్రిస్టీ తన ముసలి పరిశోధకురాలు మిస్ మార్పుల్‌ను 1927లో ఒక కథలో, 1930లో మొదటి నవలలో తెచ్చినప్పుడు ఆమె ఆయుధం పల్లెటూళ్లో ఏళ్ల తరబడి మనుషుల్ని గమనించడమే. ఆస్మన్ నలుగురికీ అదే ఆయుధమా, పాత ఉద్యోగాల పరపతి కూడానా? జవాబు చెప్పేవారు ఒక సన్నివేశం చూపించి తీరాలి.

సన్నివేశం ఎలా చూపించాలో మాదిరి: ఎలిజబెత్ తన డైరీలో రెండు వారాల తర్వాతి తారీఖు దగ్గర ఒక చిన్న ప్రశ్న రాసి పెట్టుకుంటుంది. ఆ రోజు వచ్చాక జవాబు గుర్తొస్తే జ్ఞాపకశక్తి బాగానే ఉందని లెక్క. ఇంట్లో భర్త జ్ఞాపకం ఒక్కో పోగూ సడలుతున్న మనిషి చేసే పని ఇది. డెబ్బై దాటిన పాఠకులు చాలామంది ఇక్కడే ఆగుతారు. హత్య కంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది. ఎవరైనా దీని గురించి మాట్లాడుతుంటే గడియారం చూడకండి, కేసులోకి తిప్పకండి. ఇలాంటి నవల దగ్గరికి పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ రావడానికి కారణం అక్కడుంది.

ఒకరే మాట్లాడుతుంటే ‘మాస్టారూ, మీ తర్వాత అమ్మగారు చెబుతారు’ అని పేరు పెట్టి మళ్లించాలి. చదవకుండా వచ్చినవారిని అందరిముందూ నిలదీయొద్దు. కార్డులో అధ్యాయం నంబరు రాయలేకపోవడమే చెబుతుంది.

అభిప్రాయాన్ని రాతలో పెట్టడం

కార్డులూ చర్చా కలిపి ఆరేడు వందల మాటల్లో ఒక పత్రం చేయాలి. మాట్లాడింది రికార్డు చేస్తే ముందే అనుమతి అడగండి, పత్రంలో పేర్లు వేయడానికి విడిగా అడగండి. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయిస్తే తెలుగు బాగానే వస్తుంది గానీ ఇంగ్లీషు పేర్లు చిత్రవధ అవుతాయి, పట్టికలో రాసినట్టే సరిదిద్దాలి.

మొదటి పావు వంతులో జరిగింది చెప్పొచ్చు, ఆ తర్వాతిది వద్దు. అది అందరికీ తెలిసిన నియమమే. తెలియకుండా బయటపెట్టేవి వేరే ఉన్నాయి. ‘హంతకుడు దొరికాడు’ అంటే సగం అనుమానితులు ఎగిరిపోయినట్టే, క్రియ చివరే గుట్టు విప్పేస్తుంది. ‘చేసినవారెవరో తెలిశాక’ అని రాయాలి. ‘ముగింపు ఏడిపించింది’ అంటే ఎవరో ఆప్తులే అని చెప్పినట్టు. ‘ఎవరినీ నమ్మొద్దు’ అన్నా అంతే.

‘పాత్రలు సజీవంగా ఉన్నాయి, భాష సరళంగా ఉంది’ అనే వాక్యాన్ని కొట్టేసి, దాని వెనక ఏముందో రాసినవారినే అడగండి. జవాబు ఇలా వస్తే చాలు: ‘జాయిస్ డైరీ భాగాలు మొదట విసుగనిపించాయి, మధ్యలో కేకుల సంగతేమిటని. నలభయ్యో అధ్యాయానికి వచ్చేసరికి వాటి కోసమే ఎదురుచూశాను. ఆమె కబుర్లలో పడి నేను రెండు ఆధారాలు దాటేశాను.’ కొనాలా వద్దా అని తేల్చుకోలేనివారికి ఇది పనికొస్తుంది.

నక్షత్రాలిచ్చి సగటు తీయొద్దు. ఐదిచ్చినవారూ రెండిచ్చినవారూ కలిస్తే మూడున్నర, అది ఎవరి అభిప్రాయమూ కాదు. విడిపోయిన చోటే ఎక్కువ జాగా ఇవ్వండి. తెల్లకార్డుల్లో ఎందరి అనుమానం నిజమైందో అంకె వేయండి, ఎవరి మీదో మాత్రం రాయకండి.

పత్రం కాపీలు పుస్తకాల ముందు అట్ట లోపల అంటించి, ఆఖరి అధ్యాయాల్లో పెన్సిల్ గీతలేమైనా ఉంటే రబ్బరుతో తుడిచి, అప్పుడు గ్రంథాలయానికో తర్వాతి గుంపుకో ఇవ్వండి. తెల్లకార్డుల కవరు మాత్రం పుస్తకాలతో పంపకూడదు.