‘నుంచి’ అనగానే సిన్స్ వాడేయకండి

ఇంటర్వ్యూలో “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్” అనేవాళ్లు మనలో చాలామందే. తెలుగులో ‘మూడేళ్ల నుంచి’, ‘2021 నుంచి’ రెండింటికీ ఒకటే ‘నుంచి’ సరిపోతుంది కదా, చిక్కంతా అక్కడే. ఇంగ్లిష్‌లో ఎంతకాలంగా అని చెప్పాలంటే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్: ఫర్ త్రీ ఇయర్స్, సిన్స్ 2021.

ఇది సరిచూసుకునేవాళ్లు కూడా క్రియను వదిలేస్తారు. పని ఇంకా సాగుతోందంటే ‘యామ్ వర్కింగ్’ కాదు, ‘హావ్ బీన్ వర్కింగ్’. తెలియడం, ఇష్టపడటం లాంటి క్రియలకు మాత్రం ‘ఇంగ్’ తగిలించకండి. “ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్” చాలు. మానేసిన ఉద్యోగమైతే “ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్”.

అన్నట్టు, ‘మిమ్మల్ని కలవడానికి వచ్చాను’ అనాలంటే ‘ఫర్ మీటింగ్ యూ’ వద్దు, “ఐ కేమ్ టు మీట్ యూ” అనండి.