ఏసీ మనమే చూస్కుందాం – 3వ పాఠం: గ్యాస్ అయిపోయింది అని ఎవరన్నా అంటే

పోయిన పాఠంల ఒక చిన్న పని ఇచ్చిన, నడుస్తున్న ఏసీని ఆఫ్ చేసి వెంటనే మళ్ల ఆన్ చేసి బయట యూనిట్ ఎంతసేపటికి స్టార్ట్ అవుతదో టైం చూడమన్న. చూసినోళ్లకు దాదాపు మూడు నిమిషాలు వచ్చి ఉంటది. అది ఫాల్ట్ కాదు, కంప్రెసర్ (బయట యూనిట్‌ల గ్యాస్‌ను ఒత్తి తిప్పే మోటర్) ఆగిన వెంటనే మళ్ల లేస్తే దానిమీద లోడ్ పడుతది కాబట్టి కావాలని పెట్టిన గ్యాప్ అది. కరెంట్ పోయి వచ్చినప్పుడు "ఏసీ పాడైంది" అని భయపడి రిమోట్ పదిసార్లు నొక్కకండి, ఆ మూడు నిమిషాలు ఆగండి.

ఇగ ఇయ్యాల్టి పాఠం. ఏసీ నడుస్తది, గాలి వస్తది, రూం మాత్రం చల్లబడదు. హైదరాబాద్‌ల ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి గల్లీల ఇదే మాట, మెకానిక్ వచ్చి ఫ్రంట్ ప్యానెల్ కూడా తెరవకుండానే గ్యాస్ అయిపోయింది అంటడు, మనం సరే కొట్టు భయ్యా అంటం, వేలు పోతయి. ఈ ఒక్క మాట మీదనే ఈ పాఠం అంతా చెప్తున్న ఎందుకంటే జనం ఎక్కువ పైసలు పోగొట్టుకునేది ఇక్కడనే.

ఏసీల గ్యాస్ పెట్రోల్ లెక్క ఖర్చయ్యేది కాదు. రాగి పైపులల్ల సీల్ చేసి ఉంటది, రూంల ఉన్న వేడిని పట్టుకొని బయట యూనిట్‌ల వదిలేసి మళ్ల లోపలికి వస్తది, అదే గ్యాస్ ఏండ్ల తరబడి తిరుగుతనే ఉంటది. మీ ఇంట్ల ఫ్రిజ్‌ల కూడా ఇదే పద్ధతి, మరి ఫ్రిజ్‌కు ఏడాదికోసారి గ్యాస్ కొట్టిస్తున్నమా? లేదు కదా. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, లీక్ మూయకుండ గ్యాస్ నింపితే చిల్లు పడ్డ బిందెల నీళ్లు పోసినట్టే.

మా అక్కవాళ్లు మల్కాజ్‌గిరిల టాప్ ఫ్లోర్‌ల ఉంటరు, ఒకటిన్నర టన్ను స్ప్లిట్. వరసగా మూడు ఎండాకాలాలు గ్యాస్ కొట్టించిన్రు, కొట్టించిన ప్రతిసారి నెలన్నర మంచిగ చల్లబడుడు, మళ్ల మామూలే. మూడోసారి నేను పోయిన. ఔట్‌డోర్ యూనిట్ టెర్రస్ మీదనే ఉంది కాబట్టి చేతికి అందింది, ఏసీ ఆఫ్ చేసి, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లల్ల కలిపి నురుగు చేసి, రాగి పైపులు యూనిట్‌కు కలిసే దగ్గర ఉండే ఇత్తడి నట్ల మీద పెట్టిన. లావు పైపు నట్ దగ్గర చిన్న బుడగ, అది పోతే ఇంకో బుడగ, వస్తనే ఉన్నయి. మూడేండ్లు వచ్చిపోయిన మెకానిక్ ఒక్కసారి కూడా ఆ నట్ దిక్కు చూడలే, నాకు మస్తు బాధైంది. తర్వాత వేరే మెకానిక్‌ను పిలిచి పైపు చివర కోయించి కొత్త ఫ్లేర్ (నట్‌ల గట్టిగ కూర్చునేటట్టు పైపు మూతిని వెడల్పు చేసుడు) వేయించినం, అప్పటినుంచి రెండు ఎండాకాలాలు గడిచినయి, మళ్ల గ్యాస్ ముట్టుకోలే. ఈ టెస్ట్ మీరు చేసేటప్పుడు సాయంత్రం చేయండి, మధ్యాహ్నం ఎండకు నురుగు నిమిషంల ఎండిపోతది. గ్యాస్ మొత్తం పోయి ఉంటే మాత్రం బుడగలు రావు, అది కూడా గుర్తుంచుకోండి.

అయితే లీక్ దాకా పోయేముందు చూడాల్సినవి ఉన్నయి, చాలా ఇండ్లల్ల కథ అక్కడనే అయిపోతది.

ముందు రిమోట్. మోడ్ కూల్‌ల ఉందా, ఫ్యాన్‌ల ఉందా, పిల్లలు నొక్కి డ్రైల పెట్టిన్రా. 24 మీద పెట్టండి, 16 మీద పెడితే తొందరగా చల్లబడుతదని అనుకుంటరు గానీ మామూలు ఏసీల కంప్రెసర్ ఒకటే స్పీడ్‌ల తిరుగుతది, 16 అంటే ఎక్కువసేపు తిరుగుతది అంతే. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూం ఏసీలన్నీ 24 డిఫాల్ట్‌తోటి రావాలని బీఈఈ (కరెంట్ పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రూల్ పెట్టింది ఇందుకే.

తర్వాత ఫిల్టర్. మన దగ్గర ఎక్కడ చూసినా కొత్త బిల్డింగులు లేస్తున్నయి, ఆ సిమెంట్ దుమ్ముకు పదిహేను రోజుల్ల ఫిల్టర్ బూడిద దుప్పటి కప్పినట్టు అయిపోతది. మామూలు నీళ్లతోటి కడిగి నీడల ఆరబెట్టండి, ఎండల పెడితే ఫ్రేం వంకర పోయి మళ్ల సరిగ్గ కూర్చోదు. ఫిల్టర్ తీసినంక వెనక అల్యూమినియం రేకులు కనబడుతయి, టార్చ్ వేసి చూడండి, దుమ్ము పట్టి ఉంటే ఎంసీబీ (ఏసీకి కరెంట్ ఆపే స్విచ్) దించి మెత్తటి బ్రష్‌తోటి పైనుంచి కిందికి మాత్రమే దులపండి, అడ్డంగ రుద్దితే రేకులు వంగుతయి.

ఇప్పుడు ఔట్‌డోర్. ఇది బాల్కనీల గానీ టెర్రస్ మీద గానీ చేతికి అందేటట్టు ఉంటేనే చూడండి. గోడకు బయట వేలాడుతున్న యూనిట్ కోసం కిటికీల నుంచి వంగుడు, సజ్జ మీదికి దిగుడు అస్సలు వద్దు, ఆ పని బెల్ట్ కట్టుకొని చేసేటోళ్లది. అందితే వెనక భాగం చూడండి, పావురాల ఈకలు, పుల్లలు, రెట్ట పేరుకొని ఉంటది. గాలి లోపలికి పోయే దారే అది, అది మూసుకుంటే వేడి బయటికి పోదు, మధ్యాహ్నం రెండింటికి కంప్రెసర్ వేడెక్కి ట్రిప్ అవుతది, రాత్రి మాత్రం మంచిగనే పనిచేస్తది. ఎంసీబీ దించి పైపుతోటి నెమ్మదిగ కడగండి, కరెంట్ వైర్లు కలిసే దిక్కు నీళ్లు కొట్టకండి, బోరు నీళ్లకంటే నల్లా నీళ్లు మేలు ఎందుకంటే మన బోరు నీళ్ల ఉప్పు రేకుల మీద తెల్లగ పేరుకుంటది.

ఇవన్నీ అయినంక ఏసీ పదిహేను నిమిషాలు నడిపి థర్మామీటర్‌తోటి పైన గాలి పీల్చుకునే దగ్గర ఒకసారి, కింద గాలి వదిలే దగ్గర ఒకసారి చూడండి. 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మీ ఏసీ పని అది చేస్తున్నట్టే. అయినా రూం చల్లబడట్లేదంటే తప్పు ఏసీది కాదు, పైన స్లాబ్ రోజంతా కాలి రాత్రి పదకొండు దాకా వేడి దించుతుంటది, తెల్ల కూల్ రూఫ్ పెయింట్ గురించి ఆలోచించండి. తెలంగాణ ప్రభుత్వం 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ స్లాబ్ వేడి కోసమే.

తేడా నాలుగైదు డిగ్రీలే ఉన్నా, అంతకంటే తక్కువ ఉన్నా బయట యూనిట్ చప్పుడు వినండి. ఫ్యాన్ తిరుగుతది గానీ వేడి గాలి రావట్లే, కొన్ని సెకన్లు బుయ్యిమని ఆగిపోతది, కాసేపటికి మళ్ల అదే, అంటే కెపాసిటర్ (కంప్రెసర్ లేవడానికి సాయం చేసే చిన్న డబ్బా) మీద అనుమానం పెట్టుకోవచ్చు, గ్యాస్ మీద కాదు. అది హైదరాబాద్ ట్రూప్ బజార్‌ల కొన్ని వందలకు దొరికే వస్తువు, కానీ మీరు మార్చకండి, కరెంట్ తీసేసినా దాంట్ల చార్జ్ ఉండి షాక్ కొడుతది. ఇన్వర్టర్ ఏసీకి (కంప్రెసర్ స్పీడ్ మార్చుకునేది) కంప్రెసర్ కెపాసిటర్ ఉండదు, అక్కడ ఎలక్ట్రానిక్ బోర్డు చూడాలె.

మంచు కడితే? లోపలి కాయిల్ (ఫిల్టర్ వెనక రేకులు, వాటిల్ల ఉన్న గొట్టాలు) మొత్తం, లావు పైపు తెల్లగ గడ్డ కట్టిందంటే ఎక్కువసార్లు గాలి ఆడక, అంటే ఫిల్టర్ సంగతే. సన్న పైపు నట్ దగ్గర మంచు కడుతున్నదంటే గ్యాస్ తగ్గినట్టు అనుమానించాలె. ఏదైనా సరే కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌ల గంట రెండు గంటలు నడపండి, కత్తితోటి గీకకండి, కాయిల్‌కు చిల్లు పడుతది.

నిజంగనే లీక్ అని తేలితే మెకానిక్‌తోటి ఇట్ల మాట్లాడండి. "భయ్యా, ముందు లీక్ ఎక్కడుందో చూపించు. మూసినంక నైట్రోజన్ కొట్టి ప్రెషర్ నిలబడుతదా చూడు, తర్వాత వాక్యూం తీయి (అంటే పైపులల్ల గాలి, తడి మొత్తం మిషన్‌తోటి లాగేయి), గ్యాస్ కాంటా మీద తూకం వేసి ఎక్కించు." ఎన్ని గ్రాములు అన్నది ఔట్‌డోర్ మీద ప్లేట్‌ల రాసి ఉంటది, ఏ గ్యాసో కూడా ఉంటది, ఆర్ 22, ఆర్ 410ఏ, ఆర్ 32, ఒకదాని బదులు ఇంకోటి కలపనీయకండి. ఆర్ 32 కొద్దిగ మండే గుణం ఉన్నది, పని జరిగేటప్పుడు సిగరెట్ వద్దని, కిటికీలు తెరిచి పెట్టమని మొహమాటం లేకుండ చెప్పండి.

వచ్చే పాఠం లోపలి యూనిట్ నుంచి కారే నీళ్ల గురించి. మన దగ్గర మే నెల గాలి పొడిగ ఉంటది కాబట్టి ఏసీల నుంచి నీళ్లు తక్కువ వస్తయి, డ్రెయిన్ పైపు సగం మూసుకున్నా తెల్వదు, జులై ముసురు పట్టంగనే గోడ మీద ధార మొదలైతది. అప్పటిలోపు ఒక పని, డ్రెయిన్ పైపు చివర కింద బకెట్ పెట్టి ఒక రాత్రికి ఎన్ని నీళ్లు వచ్చినయో కొలిచి రాసి పెట్టుకోండి.