మోడల్ టీ కారుకు కర్ర చక్రం కట్టించడం ఎలా?

ఫోర్డ్ మోడల్ టీ (1908–1927) ఇంజను సామాన్లు బయటినుంచి తెప్పించుకోవచ్చు. కర్ర చక్రం మాత్రం దగ్గరుండి కట్టించుకుంటేనే నయం. దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు బండి గిర్రలు చేసిన పాత వడ్లాయన దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం ఆయనకు కూడా కొత్తే. ఎడ్లబండి గిర్రలో ఆకులు (స్పోకులు) నడిమి కుండకు (హబ్బుకు) తొలిచిన బెజ్జాల్లో దిగుతాయి. మోడల్ టీలో అలాంటి కర్ర కుండ ఉండదు. 12 ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలబడితే, వాటిని ఇటూ అటూ ఇనుప బిళ్లలు పట్టి బిగిస్తాయి. చక్రం బలమంతా ఆ ఒరుపులోనే ఉంటుంది.

ముందు కొలతలు. వెనక టైరు మీద 30 × 3½ అని ఉంటే 30 అంగుళాలు టైరు బయటి కొలత, 3½ టైరు మందం. రిమ్ము 23 అంగుళాలే. ముందు 30 × 3 అయితే రిమ్ము 24. ఇక్కడ పొరపడితే చేసిన ఆకులన్నీ పొయ్యిలోకే. పాత ఆకుల్లో పురుగు తినని ఒక్కటి నమూనాకు దాచండి.

అసలు ఆకులు అమెరికా హికరీ కర్రవి. మన దగ్గర నల్లతుమ్మ చేవ సరిపోతుంది. తెల్లకర్ర పూర్తిగా తీసేయించండి, పురుగు పట్టేది దానికే. మొద్దును రంపంతో కోయించకుండా చీల్పించాలి. అప్పుడే ఈనె (కర్రలోని నార) ఆకు పొడుగునా నడుస్తుంది. అనుమానముంటే చిత్రిక పట్టిన ముక్క మీద పలుచని సిరా చుక్క వేయండి. అది పాకే దారే ఈనె దారి. పక్కకు జారిందా, ఆ ముక్కను గొడ్డలి కామకు వాడుకోండి.

తేమ 8–10 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే ఒకే ముక్కను వారం వారం తూచండి. మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. వానకాలంలో కట్టిన చక్రం రోహిణి కార్తెలో వదులవుతుంది, అందుకే బిగింపు ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి.

ఒక్కో మొదలు కోణం సరిగ్గా 30 డిగ్రీలు. పావు డిగ్రీయే కదా అనుకుంటే, 12 ఆకులకు కలిపి 3 డిగ్రీల సందు వస్తుంది. మైనం, ఎపాక్సీ, రేకుముక్క, ఏదీ దాన్ని పూడ్చలేదు. కంటి అంచనాతో కాదు, ఇనుప అచ్చులో బిగించి కోయించండి.

ఆకుల కొసలు దిగే వలయం ఇనుముదైన చక్రానికి ఆకులన్నీ వలయంలో పెట్టినప్పుడు నడుమ కొంచెం గొడుగులా లేచి ఉండాలి. దాన్ని హైడ్రాలిక్ జాకీతో మెల్లగా సమం చేస్తే మొదళ్లు బిగుసుకుంటాయి. సుత్తితో కొడితే అంచులు చిట్లుతాయి. చేత్తో నొక్కితేనే సమమైతే ఆకు పొట్టిదన్నమాట. కర్ర వలయమైతే ఇంకో జాగ్రత్త: బండి గిర్ర చుట్టూ వేసే ఇనుప పట్టాను కమ్మరి కోసి తగ్గిస్తాడు, కారు రిమ్మును తగ్గించకూడదు. కర్రనే రిమ్ముకు సరిపెట్టాలి.

ఆరు బోల్టుల బెజ్జాలు బిగింపు అయ్యాకే, ఇనుప బిళ్లనే అచ్చుగా పెట్టి వేయాలి. తర్వాత చక్రాన్ని దాని ఇరుసు మీదే తిప్పి, పక్కన మేకు నిలబెట్టి చూడండి. ఊగు ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే విప్పాల్సిందే.

మరిగించిన అవిసె నూనె రెండు పూతలు, ఆపైన రంగు. వదులైందని బండి గిర్రలా వాగులో నానేయొద్దు. ఉబ్బిన కర్ర తనను తానే నలిపేసుకొని, ఆరాక ఇంకా వదులవుతుంది. మలుపులో టిక్కుటిక్కుమన్నా, అతుకుల దగ్గర గోధుమరంగు పొడి రాలినా బండి ఆపేయండి. మలుపులో ఆకు విరిగితే చక్రమే కూలుతుంది.

నట్లు బిగించగానే బోల్టు కొనలు కొట్టి మూసేయొద్దు. 50 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, మళ్లీ బిగించి, అప్పుడు కొట్టండి.