మన గట్ల మీది జంతువులు – మూడో పాఠం: దుమ్ములో జాడలు

పోయిన పాఠంలో మీ ఊరి దగ్గర ఒకే ఒక్క చోటు ఎంచుకుని వారం రోజులు అక్కడికే వెళ్ళమన్నాను కదా. చెరువు కట్ట, డొంక, చేను పక్కన తుమ్మకంపలు, ఏదైనా పర్వాలేదు. ఇంకా ఎంచుకోనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి, ఎందుకంటే ఈ పాఠమంతా ఆ చోటు మీదే నడుస్తుంది.

మన చుట్టూ ఉన్న చిన్న జంతువులు చాలావరకు కంటపడవు. కుందేలు, అడవిపిల్లి, పునుగుపిల్లి, ముళ్ళపంది ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతాయి. ముంగిస పగలే తిరిగినా, గట్టు దాటేటప్పుడు తోక చివర కనిపించేలోపే కంపలో దూరిపోతుంది. అందుకే జాడ చదవడం ముందు నేర్చుకుందాం.

సాయంత్రం మేకల్ని ఇళ్ళకి తోలుకుపోయాక వెళ్ళండి. కంపల్లోంచి సన్నటి దారి బయటికొచ్చే చోట మీటరు పొడవు, మీటరు వెడల్పు నేల చూసుకుని, రాళ్ళూ పుల్లలూ ఏరేసి, అక్కడి మట్టినే పిండి జల్లెడతో అర సెంటీమీటరు మందాన జల్లండి. ఇంటి నుంచి ముగ్గో ఇసకో తీసుకెళ్ళొద్దు, కొత్త రంగు, కొత్త వాసన తగిలితే జంతువు పక్కకి తప్పుకోవచ్చు. చెక్కముక్కతో చదును చేశాక వేలు ఒకసారి నొక్కి చూడండి. వేలిముద్ర గీతలు పడ్డాయా, మట్టి సరిపోయినట్టే. మళ్ళీ చదును చేసి వచ్చేయండి.

పొద్దున ఎండ ముదరకముందే అక్కడుండాలి. సూర్యుడు మీ ఎదురుగా, జాడ మీకూ సూర్యుడికీ మధ్యలో ఉండేలా కూర్చోండి. ఏటవాలు వెలుతుర్లో జాడ అంచుకి నీడ పడి గోరు గుర్తు కూడా తెలుస్తుంది, పదింటికి వెళ్తే అదే నేల ఖాళీగా కనిపిస్తుంది.

ముందు వేళ్ళు లెక్కపెట్టండి, తర్వాత గోళ్ళు చూడండి. నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తు లేదు, మొత్తం గుండ్రంగా ఉంది అంటే పిల్లి జాతి. నాలుగు వేళ్ళతో పాటు గోళ్ళు కూడా పడితే కుక్కో నక్కో. ముంగిసకి ఐదు వేళ్ళు, పొడుగాటి గోళ్ళు, కానీ ఐదో వేలు చాలాసార్లు నేల మీద పడదు, అందుకని ఒక్క జాడ చూసి తేల్చేయకండి. రెండు పక్కలా కాళ్ళ గుర్తులు, మధ్యలో పాములాగా వంకర్లు తిరిగిన తోక గీత ఉంటే ఉడుము వెళ్ళిందన్నమాట.

కుందేలు దగ్గర కాసేపు ఆగుదాం. అది గెంతేటప్పుడు ముందు కాళ్ళు ఒకదాని వెనక ఒకటి నేలని తాకుతాయి, ఆ వెంటనే వెనక కాళ్ళు రెండూ వాటిని దాటి ముందుకొచ్చి పడతాయి. అంటే పొడవాటి పెద్ద గుర్తులు ఎటుంటే కుందేలు అటు వెళ్ళినట్టు. మొదట్లో నేను దీన్ని తిరగేసి చదివాను. సాయంత్రాలు చేలోంచి కంపల్లోకి వెళ్తోందని ఆరు నెలలు రాసుకున్నాను, నిజానికి అది కంపల్లోంచి చేలోకి మేతకి దిగుతోంది. ప్రతి జాడకీ బొమ్మ గీసి పెట్టుకున్నాను కాబట్టి తర్వాత దిద్దుకోగలిగాను. ఫోన్‌లో ఫొటో ఎలాగూ తీస్తారు, తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి తీయండి, అయినా బొమ్మ మాత్రం గీయాల్సిందే. గీస్తేనే చెయ్యి ఆగి చూస్తుంది.

ఇంకో సంగతి, మన కుందేలు బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు కింద ఒళ్ళు పట్టేంత గుంట చేసుకుని పగలంతా కదలకుండా కూర్చుంటుంది, పిల్లలు కూడా ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. గట్టు మీద గడ్డికి నిప్పు పెడితే ఆ పిల్లలు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. మీ చోట్లో అలాంటి దుబ్బులుంటే నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి, దగ్గరికెళ్ళి కదపొద్దు.

బురదలో పడ్డ జాడ జారి, అసలు పాదం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే కొలతతో పాటు నేల పొడిగా ఉందా తడిగా ఉందా అన్నది కూడా రాయండి. ఏ జంతువో తెలియకపోతే పేరు రాయాల్సిన టెన్షన్ అక్కర్లేదు, వేళ్ళ సంఖ్య, గోళ్ళు, పొడవు, వెడల్పు రాసి వదిలేయండి.

చోటు వివరాలు మాత్రం ఎవరికీ చెప్పకండి, ఫొటో గ్రూపుల్లో పెట్టినా ఊరి పేరు రాయొద్దు. ఉడుముని మాంసానికీ నూనెకీ, కుందేల్ని కూరకీ ఇప్పటికీ పడుతూనే ఉన్నారు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పట్టుకోవడమే నేరం. అలాగే పుట్టల్లో, బొరియల్లో చెయ్యి పెట్టొద్దు, కాళ్ళకి బూట్లు వేసుకోండి, చీకట్లో టార్చి లేకుండా కదలకండి.

ఈ వారం ఏడు సాయంత్రాలు మట్టి జల్లి, ఏడు పొద్దున్నలు చూడండి. ఏమీ పడని రోజు కూడా తేదీ వేసి "ఏమీ లేదు" అని రాయండి. వచ్చే పాఠంలో పెంటికలు చూద్దాం, దానికి ఒక పాత టూత్‌బ్రష్షు, తెల్ల కాగితం, చేతి గ్లవ్స్ సిద్ధం చేసుకోండి.