హైబ్రిడ్ రాకెట్ ఇంజిన్ టెస్టుకి సెన్సర్లు సిద్ధం చేసుకోవడం ఎలా?

హైబ్రిడ్ ఇంజిన్‌లో ఘన ఇంధనం ఉంటుంది, దాన్ని మండించే నైట్రస్ (నైట్రస్ ఆక్సైడ్) ట్యాంకులోంచి వస్తుంది. టెస్టులో ఇంజిన్ మండేది అయిదారు సెకన్లే. ఆ కాసేపట్లో రీడింగులు సరిగ్గా పడకపోతే నెలల కష్టం పొగతో పాటే పోతుంది, అందుకే ఇంజిన్ మీద పెట్టినంత శ్రద్ధ సెన్సర్ల మీదా పెట్టండి. కొలవాల్సినవి నాలుగు: థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం), చాంబర్ (ఇంధనం మండే గది) ప్రెషర్, ట్యాంక్ ప్రెషర్, ట్యాంక్ బరువు. డబ్బులు మిగిలితే వేడి కొలిచే థర్మోకపుల్. ఇలాంటి టెస్టులు ముందు చేసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

ముందు లోడ్ సెల్, అంటే థ్రస్ట్ కొలిచే సెన్సర్. బల్ల మీద కాదు, స్టాండుకి బిగించాకే కాలిబ్రేట్ చేయాలి, అంటే తెలిసిన బరువులతో రీడింగు సరిచూసుకోవాలి. మేం శ్రీకాకుళంలో బియ్యం బస్తాలు వాడాం. బస్తా మీద 25 కిలోలని రాసి ఉన్నా నమ్మకుండా కాటా మీద తూచి, ఇంజిన్ తోసే దిశలోనే లాగేలా తాడు కట్టి, కప్పీ మీదుగా ఒక్కొక్కటే వేలాడదీసి, మళ్లీ ఒక్కొక్కటే తీస్తూ రీడింగు రాసుకున్నాం. అంతా బాగుంది అనుకున్నాక నైట్రస్ స్టీలు పైపు బిగించి చూస్తే 25 కాస్తా 22 అయింది! బిరుసు పైపు మూడు కిలోలు తన మీద మోసేస్తోంది. వంగే గొట్టం వేసి మళ్లీ మొదటినుంచీ చేశాం. ప్రెషర్ ఎక్కితే గొట్టం కూడా బిగుసుకుంటుంది, అదీ చూసుకోండి.

హెచ్‌ఎక్స్ 711 బోర్డు (లోడ్ సెల్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) వాడుతుంటే చాలావాటిలో సెకనుకి 10 రీడింగులే వస్తాయి, 80కి మార్చుకోవాలి. ఇంజిన్ అంటుకునే క్షణం చూడాలంటే అదీ చాలదు, వెయ్యి తీసే బోర్డు వెతకండి.

ప్రెషర్ సెన్సర్ 100 బార్‌ది తీసుకోండి. నైట్రస్ 20 డిగ్రీల దగ్గరే 50 బార్ ఉంటుంది, 36.4 దాటితే ఇక ద్రవంగా ఉండనే ఉండదు. మే నెల ఎండలో ఇనప ట్యాంకు సంగతి మీకే తెలుసు, కాబట్టి టెస్టు తెల్లవారుజామునే పెట్టుకుని, ట్యాంకుకి నీడ కట్టండి. చాంబర్ సెన్సర్‌ని వేడి గ్యాసు నేరుగా తగలకుండా చిన్న గొట్టం చివర బిగించాలి. నైట్రస్ తగిలే చోట మామూలు నూనె, గ్రీజు వద్దే వద్దు, పేలుతుంది.

ఇంజిన్‌ని అంటించే ఇగ్నైటర్ వైర్లు ఒక పక్క, సెన్సర్ వైర్లు ఇంకో పక్క. ఇగ్నైటర్ బదులు బల్బు పెట్టి స్విచ్ నొక్కండి, గ్రాఫ్ ఎగిరిపడితే షీల్డ్ కేబులు, ఎర్తింగు మళ్లీ చూసుకోవాలి.

చివరిది, ప్రాణాలకి సంబంధించింది. ఇంజిన్ అంటుకోకపోతే ఎవరూ దగ్గరికి పరిగెత్తకూడదు. దూరం నుంచే ట్యాంకు ఖాళీ చేసే వాల్వు తెరిచి, ప్రెషర్ సున్నాకి దిగేదాకా ఆగాలి. 0.5 నుంచి 4.5 వోల్టుల సెన్సర్ అయితే ప్రెషర్ లేనప్పుడు 0.5 వోల్టు చూపించాలి. స్క్రీన్ మీద 0 వోల్టు కనిపిస్తే ట్యాంకు ఖాళీ అయినట్టు కాదు, వైరు తెగినట్టు.